బొమ్మల గోడకు ఎదురుగా వంటిల్లు: ప్రాజెక్టు డైరీ

1వ రోజు

ఖాళీ హాలు కొలవడంతో పని మొదలుపెట్టాను. పొడవు 32 అడుగులు, వెడల్పు 20, పైకప్పు 14 అడుగుల ఎత్తున. ఒకప్పటి గోదాము ఇది. ఇనుప దూలాలు, పడమటి వైపు మూడు నిలువెత్తు కిటికీలు, ఉత్తరాన పూత లేని ఇటుక గోడ. మధ్యలో అడ్డుగోడ ఒక్కటీ లేదు, కట్టే ఉద్దేశమూ లేదు. తూర్పు చివర వంట, పడమటి చివర కూర్చోవడం, మధ్యలో భోజనాల బల్ల. ఆ ఇటుక గోడ నిండా అక్క వేసిన బొమ్మలు. మనసులో ఉన్నది ఇదీ.

చేతిలో ఉన్నవి: ఒక పెద్ద ఆయిల్ పెయింటింగ్ (5 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు, ఫ్రేముతో 18 కిలోలు), ఆరు వాటర్‌కలర్లు, ఒక ఎచింగ్ (లోహపు రేకు మీద గీసి కాగితం మీద అచ్చు తీసిన బొమ్మ), గుడ్డ మీద కుట్టుపని ఒకటి.

అక్కకు ఫోన్ చేసి చెప్పాను. "వంటింట్లో పెడతావా నా బొమ్మల్ని? పొగబెట్టి తరిమేద్దామనా?" అంది. నవ్వుతూనే అంది గానీ, ఫోన్ పెట్టేశాక ఆ మాట నాలో ఉండిపోయింది.

3వ రోజు

నేల మీద మాస్కింగ్ టేపుతో కౌంటర్లు గీశాను. ఐలాండ్‌కు, అంటే గోడకు ఆనకుండా విడిగా నిలబడే వంటగట్టుకు, బదులు అట్టపెట్టెలు పేర్చాను. నా మొదటి ప్లానులో స్టవ్ ఐలాండ్ మీద. ఉత్తరపు గోడకు ముఖం పెట్టి, బొమ్మలు చూస్తూ వంట చేయాలని కోరిక.

స్టవ్ పైన చిమ్నీ ఉండాలి కదా. దాని కొలతకు ఒక అట్టపెట్టె కత్తిరించి, దూలం నుంచి తాడుతో వేలాడదీశాను. వెళ్లి పడమటి చివర కుర్చీలో కూర్చున్నాను. పెద్ద బొమ్మ వచ్చే చోటికి సరిగ్గా మధ్యలో ఆ పెట్టె, నుదుటి మీద బల్లిలా. నాలుగు చోట్లకు జరిపి చూశాను. ఎక్కడ పెట్టినా ఏదో ఒక కుర్చీలోంచి బొమ్మకు అడ్డమే. పది నిమిషాల్లో ఆ ప్లాను చెత్తబుట్టలో పడింది. అట్టముక్క చేసిన మేలు ఇంతా అంతా కాదు. కంప్యూటర్‌లో గీసిన డ్రాయింగులో ఇదే చిమ్నీ నాకు చాలా అందంగా కనబడింది మరి.

4వ రోజు

స్టవ్ దక్షిణపు గోడకు వెళ్లిపోయింది. అది బయటి గోడ, డక్ట్ (చిమ్నీ గాలి గొట్టం) నేరుగా బయటికి పోతుంది. ఐలాండ్ మీదికి సింక్ వచ్చింది. మొదట రాజీ పడ్డాననుకున్నాను. కానీ ఆలోచిస్తే, పొయ్యి దగ్గర నిలబడినప్పుడు కన్ను గిన్నె మీదే ఉంటుంది, ఉండాలి కూడా. తీరుబడిగా తలెత్తి చూసేది గిన్నెలు తోమేటప్పుడే. బొమ్మ ముందు నిలబడాల్సినది సింక్.

కౌంటర్ 2 అడుగులు, నడవ 4 అడుగులు, ఐలాండ్ 3 అడుగులు. నడవ మూడున్నర అడుగులుంటే ఒక్కరికి చాలు, ఇద్దరు ఒకరినొకరు రాసుకోకుండా తిరగాలంటే నాలుగు. సింక్ దగ్గర నిలబడితే బొమ్మల గోడ సుమారు 14 అడుగుల దూరం. పెద్ద బొమ్మకు బాగుంది. వాటర్‌కలర్లు అంత దూరం నుంచి తపాలా బిళ్లల్లా ఉన్నాయి, వాటికి ఇంకో చోటు వెతకాలి.

5వ రోజు

ఇక్కడ ఒక ప్రయోగం మొదలుపెట్టాను. తాత్కాలికంగా ఒక బల్ల మీద రెండు పొయ్యిల గ్యాస్ స్టవ్ పెట్టుకుని వండుకుంటున్నాం, చిమ్నీ లేదు. ఇదే అదను అనిపించింది. ఫొటో ఫ్రేముల్లోంచి ఏడు గాజు పలకలు తీసి, సబ్బుతో కడిగి, ఆరబెట్టి, వెనక నంబర్లు వేసి, హాల్లో ఏడు చోట్ల తగిలించాను. పొయ్యి పక్క గోడకు ఒకటి. ఉత్తరపు గోడకు మూడు: 5 అడుగుల ఎత్తున ఒకటి, 8 అడుగుల దగ్గర ఒకటి, 11 అడుగుల దగ్గర ఒకటి. భోజనాల బల్ల దగ్గర ఒకటి. పడమటి మూలలో ఒకటి. దూలం పైన పడుకోబెట్టి ఒకటి. మూడు వారాలు ముట్టుకోకూడదు.

9వ రోజు

వడ్రంగి వచ్చి కొలతలు తీసుకెళ్లాడు. బొమ్మల గోడ మీద పై అల్మరాలు ఒక్కటీ వద్దన్నాను. "సామాను ఎక్కడ పెడతారు?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. తూర్పు గోడకు నేల నుంచి ఏడున్నర అడుగుల దాకా నిలువు అల్మరాలు, తలుపులన్నీ మూసి, పిడులు లేకుండా. బొమ్మలున్న గదిలో తెరిచిన షెల్ఫులు నాకు నచ్చవు. సీసాలు, డబ్బాలు, లేబుళ్లు, వాటి రంగులు కూడా కంటిని పిలుస్తూనే ఉంటాయి.

కౌంటర్ రాయి కూడా చారలు లేనిది, బూడిద రంగుది తీసుకున్నాం. చారల రాయి అందమైనదే. అందమైనది కాబట్టే వద్దనుకున్నాను.

12వ రోజు

ప్లంబర్‌తో సగం రోజు. గోదాము కాంక్రీటు నేల తవ్వడానికి లేదు. ఐలాండ్ సింక్ నుంచి దక్షిణపు గోడ దాకా 8 అడుగుల పైపు, అడుగుకు పావు అంగుళం వాలు, అంటే 2 అంగుళాలు దిగాలి. పైపు లావు ఇంకో 2. పైన పలక, గచ్చు. మొత్తం కలిపి వంట భాగం నేల 6 అంగుళాలు పైకి లేవాలి. ఒక మెట్టు అన్నమాట.

మెట్టు అంచుకు ఎదురుదెబ్బలు తగలకుండా లేత రంగు చెక్క పట్టీ వేయమన్నాను. ఇంతటితో అయిపోయిందనుకున్నాను. ఆ ఆరు అంగుళాలు ఇంకో చోట లెక్క తప్పిస్తాయని అప్పటికి తట్టలేదు.

18వ రోజు

ఎండ చూసే రోజు. ఫోన్‌లో వెలుతురు కొలిచే లక్స్ మీటర్ యాప్ వేసుకుని పొద్దుటి నుంచి తిరిగాను. ఫోన్ సెన్సర్ కచ్చితంగా చెప్పదు గానీ, ఎక్కువ తక్కువలు పోల్చుకోవడానికి పనికొస్తుంది. సాయంత్రం నాలుగింటికి ఎండ పడమటి కిటికీల్లోంచి దూరి, ఉత్తరపు గోడ మీదికి పాకింది. ఎండ మచ్చ పడినచోట 20,000 లక్స్.

కాగితం మీద వేసిన బొమ్మలకు, బట్టలకు మ్యూజియంల వాళ్లు పెట్టుకునే హద్దు 50 లక్స్. ఆయిల్ పెయింటింగుకు 200 దాకా ఫరవాలేదు. వెలుతురు చేసే నష్టం కూడుతూ పోతుంది, చీకట్లో పెట్టినంత మాత్రాన తిరిగి రాదు. ఆ లెక్కన ఆ ఎండ మచ్చలో ఒక్క గంట అంటే 50 లక్స్‌లో 400 గంటలు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున 50 రోజుల వెలుతురు ఒక్క సాయంత్రం మింగేస్తుంది.

వాటర్‌కలర్ల చోటు అప్పుడు తేలింది. కిటికీలున్న గోడ మీదే, మూల దగ్గర 5 అడుగుల ఖాళీ ఉంది. కిటికీలోంచి వచ్చే ఎండ తన గోడ మీదే పడలేదు కదా. పొయ్యికి పాతిక అడుగుల దూరం కూడా. కిటికీలకు పల్చటి తెరలు, నాలుగింటికి దించేసేలా. కొన్ని నెలలు పోతే సూర్యుడు జరుగుతాడు, ఎండ ఇంకో గోడ ఎక్కుతుంది. అందుకే తెరలు మూడు కిటికీలకూ.

26వ రోజు

పలకలు దించిన రోజు. తెల్ల గుడ్డ పరిచి ఏడూ వరసగా పెట్టాను.

పొయ్యి పక్కది అనుకున్నట్టే ఉంది, తుంపరలతో సహా. పడమటి మూలది దాదాపు శుభ్రం, కాస్త దుమ్ము అంతే. ఉత్తరపు గోడ మీద 5 అడుగుల దగ్గరిది పైకి బాగానే కనిపించింది. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే నోటితో ఊదినట్టు పల్చటి మసక. 8 అడుగులది ఇంకాస్త ఎక్కువ. 11 అడుగులది చూసి కాసేపు మాట రాలేదు. పొయ్యికి పదిహేను అడుగుల అవతల ఉన్న పలక అది! పసుపుపచ్చగా, దుమ్ము అంటుకుని ఉంది. వేలు పెట్టి లాగితే గీత పడింది, గీత చివర జిడ్డు చిన్న ముద్దగా పోగైంది. వేలు సబ్బుతో రెండుసార్లు కడిగితే గాని పోలేదు. దూలం మీద పడుకోబెట్టినదైతే పలకలా లేదు, ఎగ్జాస్ట్ ఫ్యాను రెక్కలా ఉంది.

తర్వాత ఆలోచిస్తే ఆశ్చర్యపోవాల్సింది ఏమీ లేదు. వేడిగాలి నూనె ఆవిరిని మోసుకుని పైకి లేస్తుంది, కప్పుకు తగిలి నాలుగు వైపులా పాకుతుంది, చల్లబడ్డ చోట దించేస్తుంది. కానీ నా ప్లానేమిటి? 14 అడుగుల ఎత్తుంది కదా అని, పెద్ద బొమ్మను 8 అడుగుల పైన, ఠీవిగా ఎక్కించాలని. అక్క కాన్వాస్‌ను తీసుకెళ్లి సరిగ్గా జిడ్డు మేఘంలో పెట్టబోయాను. గాజు కాబట్టి తుడిచాను. కాన్వాస్ మీద ఆయిల్ పెయింటింగును అలా తుడవడం మన వల్ల అయ్యే పని కాదు.

ఫొటోలు అక్కకు పంపాను. జవాబుగా 'లాస్ట్ సప్పర్' (క్రీస్తు చివరి విందు) బొమ్మ పంపి, "డావిన్సీ కూడా భోజనశాల గోడ మీదే వేశాడు, చూడు ఏమైందో" అంది. నిజమే. 1495-98 ప్రాంతంలో పొడి గార మీద వేస్తే, గోడ చెమ్మకు ఆయన బతికుండగానే రంగు ఊడటం మొదలైంది. అది చాలదన్నట్టు 1652లో ఆ గోడకే ద్వారం కొట్టి, క్రీస్తు పాదాలున్న భాగం పోగొట్టారు. "నేను ద్వారం కొట్టనులే అక్కా" అన్నాను.

27వ రోజు

రాత్రంతా గాలి గురించే ఆలోచన. ఇప్పటిదాకా నేను బొమ్మలకు చోటు వెతికాను. వెతకాల్సింది గాలికి దారి.

చిమ్నీ లెక్క వేశాను. మామూలుగా వంటింటి ఘనపరిమాణం తీసుకుని, గంటకు 10 నుంచి 15 సార్లు గాలి మారాలంటారు. ఈ హాలు మొత్తం తీసుకుంటే దాదాపు 9,000 ఘనపుటడుగులు, ఆ లెక్కకు ఫ్యాక్టరీ మోటారు కావాలి. వంట భాగం వరకే, అంటే 12 అడుగులు, 10 అడుగులు, ఎత్తు 14 తీసుకుంటే 1,680 ఘనపుటడుగులు. 15 సార్ల చొప్పున నిమిషానికి 420 ఘనపుటడుగులు, చిమ్నీ డబ్బా మీద రాసే భాషలో గంటకు సుమారు 710 ఘనమీటర్లు. ఇది దొరికే సైజే.

అయితే గోడలు లేని గదిలో ఈ అంకె మీద మరీ నమ్మకం పెట్టుకోకూడదు. ఆవిరి చిమ్నీ నోట్లో పడకుండా పక్కకు జారితే, మోటారు ఎంత పెద్దదైనా దాన్ని వెంటాడి పట్టలేదు. అందుకని 60 సెంటీమీటర్ల హాబ్‌కు (కౌంటర్‌లో బిగించే పొయ్యికి) 90 సెంటీమీటర్ల చిమ్నీ, అంటే రెండు వైపులా 15 సెంటీమీటర్ల చొప్పున ఎక్కువ. హాబ్ నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తు. డక్ట్ 6 అంగుళాలది, ఎక్కడా సన్నం చేయకుండా, వంపు ఒక్కటే. బొగ్గు ఫిల్టర్‌తో గాలిని గదిలోకే తిప్పి వదిలే రకం వద్దనుకున్నాను. అది వాసన కాస్త తగ్గిస్తుందేమో గానీ తేమను గదిలోనే ఉంచుతుంది.

తేమ మాట వచ్చింది కాబట్టి గ్యాస్ కూడా మానేశాం. ఒక కిలో గ్యాస్ మండితే ఒకటిన్నర కిలోలకు పైగా నీటి ఆవిరి పుడుతుంది, గిన్నెలోంచి లేచే ఆవిరి కాక. ఇండక్షన్ హాబ్‌తో ఆ భాగం పోతుంది. (మంట కనబడని పొయ్యికి నేనింకా అలవాటు పడలేదు. చేయి దానంతటదే తిప్పడానికి నాబ్ కోసం వెతుకుతుంది.)

34వ రోజు

చిమ్నీ బిగించారు. ఆన్ చేసి, టిష్యూ కాగితం పీలిక పట్టుకుని హాలంతా తిరిగాను. పీలిక ఎటు వంగితే గాలి అటు పోతున్నట్టు.

కిటికీలన్నీ మూసి ఉంటే చిమ్నీ రొప్పుతోంది గానీ పీలిక పెద్దగా కదల్లేదు. బయటికి పోయే గాలికి బదులు లోపలికి గాలి రావాలి కదా. పొయ్యికి దగ్గర్లో ఉన్న చిన్న వెంటిలేటర్ తెరిచాను. పీలిక అడ్డంగా ఎగిరింది. ఆ ఈదురుగాలి ఆవిరిని చిమ్నీ నోట్లోంచి లాగి నేరుగా బొమ్మల గోడ వైపు తోస్తోంది. వెంటనే మూసేశాను. చివరికి పడమటి కిటికీ కింది రెక్క నాలుగు వేళ్ల మేర తెరిస్తే సరిపోయింది. గాలి అక్కణ్నుంచి మెల్లగా, వాటర్‌కలర్లు వచ్చే చోటి ముందు నుంచి, పెద్ద బొమ్మ వచ్చే చోటి ముందు నుంచి, ఐలాండ్ దాటి పొయ్యి వైపు పారింది. బొమ్మలు ఎగువన, పొయ్యి దిగువన. ఆ కిటికీ రెక్కకు నాలుగు వేళ్ల దగ్గర ఆగేలా ఒక చెక్క బిళ్ల కొట్టాను. ఈ ఇంట్లో అన్నిటికంటే చవకైన పనిముట్టు అదే.

38వ రోజు

ఇటుక గోడకు డ్రిల్లు పెట్టాను. ఇటుకల మధ్య పాత సున్నం వేలితో గీకితే రాలుతోంది, కాబట్టి రంధ్రాలన్నీ ఇటుక నడుమే. పెద్ద బొమ్మకు తీగ, మేకు నమ్మలేదు. ఒక చెక్క పట్టెను నిలువునా 45 డిగ్రీల వాలుగా చీల్చి, ఒక ముక్క గోడకు, ఒక ముక్క ఫ్రేముకు బిగించాం. ఫ్రేమును ఎత్తి దింపితే వాలులు ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. దాని వల్ల ఫ్రేము వెనక ముప్పావు అంగుళం ఖాళీ మిగిలింది. అది కూడా మంచిదే, గోడ చల్లదనం నేరుగా కాన్వాస్ వీపుకు తగలదు.

ఇక ఎత్తు. గ్యాలరీల్లో బొమ్మ నడిమి గీత నేల నుంచి 57, 58 అంగుళాల దగ్గర ఉండేలా తగిలిస్తారు, సగటు మనిషి కంటి ఎత్తుకు. సరేనని 58 దగ్గర పెన్సిల్ గీత గీశాను. మెట్టెక్కి సింక్ దగ్గర నిలబడి చూస్తే బొమ్మ కుంగినట్టుంది. అవును మరి, ఆ ఆరు అంగుళాలు! పై నేల నుంచి ఆ గీత 52 అంగుళాలే. 64కి పెంచితే సింక్ దగ్గర బాగుంది, కింద బల్ల దగ్గర కూర్చుంటే మెడ ఎత్తాల్సి వస్తోంది. అట్ట మీద బొమ్మ కొలత గీసి, కత్తిరించి, పైకీ కిందికీ జరుపుతూ గంటసేపు వాదించుకున్నాం. 61 దగ్గర ఒప్పందం.

41వ రోజు

లైట్లు. లైట్లు బిగించే ట్రాక్‌ను 14 అడుగుల కప్పుకు కాకుండా 10 అడుగుల దగ్గర వేలాడదీశాం. బొమ్మ మీద వెలుతురు 30 డిగ్రీల కోణంలో పడితే మెరుపు కంట్లో కొట్టదు, ఫ్రేము నీడా పొడవుగా పడదు. లెక్క వేస్తే ట్రాక్ గోడకు 3 అడుగుల దూరంలో ఉండాలి. అక్కడే పెట్టాం.

సాయంత్రం స్విచ్ వేశాను. బొమ్మలో కుడివైపు ఒక ఎర్ర చీలిక ఉంది, బొమ్మకు ప్రాణం అదే. అది ఎండిన ఇటుక రంగులోకి తిరిగింది. వెనక గోడ ఇటుక, ముందు బొమ్మలోనూ ఇటుక. బల్బు డబ్బాలు తిప్పి చూస్తే సీఆర్‌ఐ 80 అని ఉంది. నేను రాసిచ్చింది 95. అమ్మినవాళ్లు "అంతా ఒకటే వెలుతురండీ" అన్నారు. ఒకటే కాదు. రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె అది, తక్కువ రకం ఎల్‌ఈడీల్లో మొదట దెబ్బ తినేది ముదురు ఎరుపే. మార్పించడానికి నాలుగు రోజులు, మూడు ఫోన్లు.

45వ రోజు

కొత్త బల్బులు వచ్చాయి, సీఆర్‌ఐ 95, 3000 కెల్విన్ (వెచ్చని తెలుపు). ఎరుపు తిరిగొచ్చింది. కౌంటర్ మీద కత్తి పట్టే చోట 500 లక్స్, బొమ్మ మీద 180. వాటిని వేరు వేరు స్విచ్‌లకు పెట్టించడం ఈ ప్రాజెక్టులో నేను ముందే సరిగ్గా ఊహించిన ఒకే ఒక్క సంగతి.

వాటర్‌కలర్లు తగిలించే ముందు చేతి అద్దం తీసుకుని, ఫ్రేములు వచ్చే చోట గోడకు ఆనించి పెట్టాను. అద్దంలో ఏది కనిపిస్తే రేపు ఫ్రేము గాజులోనూ అదే కనిపిస్తుంది. బల్ల దగ్గర కూర్చుని చూస్తే, ఐలాండ్ మీద వేలాడే రెండు దీపాలు స్పష్టంగా కనబడ్డాయి. వాటి గాజు గోళాలు తీసేసి, వెలుతురు కిందికి మాత్రమే పడే రేకు గిన్నెలు పెట్టించాను. ఫ్రేములకు అతినీలలోహిత కిరణాలను ఆపే అక్రిలిక్ వేయించాం. ఎచింగ్ కూడా అక్కడికే చేరింది. గుడ్డ మీద కుట్టుపని మాత్రం ఈ హాల్లో వద్దు, పడకగదికి పంపేశాను. వాసన, జిడ్డు పీల్చుకోవడంలో గుడ్డను మించింది లేదు.

49వ రోజు

అక్క వచ్చింది. బొమ్మ ముందు కాసేపు నిలబడి, ఏమీ అనకుండా వెళ్లి సింక్ దగ్గర గ్లాసు కడిగింది. కడిగిన గ్లాసే మళ్లీ కడిగింది.

తర్వాత కాఫీ తాగుతూ ఒక కథ చెప్పింది. న్యూయార్క్ సోహోలో ఖాళీ గోదాముల్లోకి చిత్రకారులు చేరి అక్కడే వేస్తూ, అక్కడే వండుకుంటూ ఉండేవాళ్లట. అలా ఉండటానికి నగరం చట్టబద్ధంగా ఒప్పుకున్నది 1971లో. అదే ఏడు గోర్డన్ మట్టా-క్లార్క్ అనే కళాకారుడు, మిత్రులు కలిసి అక్కడ 'ఫుడ్' అని ఒక రెస్టారెంట్ తెరిచారు, వంట అందరికీ కనిపించేలా. "వాళ్లకు చిమ్నీ గొడవలు ఉన్నాయో లేవో" అంది.

70వ రోజు

రెండో విడత పలకలు దించాను. మళ్లీ మూడు వారాలు, అవే చోట్లు, ఈసారి చిమ్నీ, కిటికీ రెక్క పనిచేస్తుండగా. 5 అడుగుల పలక మీద ఏటవాలుగా చూసినా మసక లేదు. 11 అడుగులది వేలికి కాస్త పట్టింది, అక్కడ ఎప్పటికీ ఏమీ తగిలించం. పొయ్యి పక్కది మాత్రం మళ్లీ తుంపరలే, అది చిమ్నీ చేతిలో లేని పని.

ఆ చోటు ఖాళీగానే ఉంచుదామనుకున్నాను. మొన్న వచ్చినప్పుడే అక్క ఒప్పుకోలేదు. కాల్చి మెరుగు పెట్టిన మట్టి పలక అయితే తడి గుడ్డతో తుడిచేయొచ్చు, తనే చేస్తానంది. ఖాళీ 24 అంగుళాల పొడవు. మట్టి ఆరి, కాలేసరికి వందకు పన్నెండు వంతులు కుదించుకుపోతుందట, కాబట్టి తడి మీద 27 అంగుళాలకు పైగా చేయాలి. ముక్కలుగా చేస్తేనే వంకర పోకుండా కాలుతుంది.

ఇందాకే ఫోన్ చేసింది. నాలుగు ముక్కల్లో రెండు కొలిమిలో బాగానే కాలాయి, ఒకటి మూల దగ్గర బీటలిచ్చింది. ఖాళీ పొడవు మళ్లీ ఒకసారి కొలిచి చెప్పమంది, ఈసారి టేపు కింది అంచు దగ్గర కూడా పెట్టి.